ఆంగ్ల పదనిర్మాణ చరిత్ర: నియమం, అపవాదం, వాడుక – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆంగ్లభాషలో పదరూపాలకు నియమం తక్కువ, అపవాదాలు ఎక్కువ అనే అభిప్రాయం విద్యార్థుల్లోనూ అధ్యాపకుల్లోనూ బలంగా ఉంది. వర్తమాన రూపాలను మాత్రమే చూసినప్పుడు ఈ అభిప్రాయం సరైనదిగానే తోస్తుంది. అవే రూపాలను చరిత్రక్రమంలో చూస్తే, నేటి అపవాదాల్లో అధికభాగం ఒకప్పటి నియమాల అవశేషాలనీ, నేటి నియమాల్లో కొన్ని ఒకప్పుడు పొరపాట్లుగా పరిగణన పొందినవేననీ తెలుస్తుంది. ప్రాచీనాంగ్లం నుంచి నేటి వరకు నామ, క్రియారూపాలు మారిన తీరును, ప్రత్యయాలూ సమాసాలూ ఏర్పడిన తీరును, పద స్వీకారం విషయంలో పండితులకూ వాడుకకూ జరిగిన ఘర్షణను ఈ వ్యాసం ఉదాహరణలతో పరిశీలిస్తుంది.

కీలక పదాలు: పదాంశం, ప్రత్యయం, విభక్తి, సమాసం, అపవాదం, వాడుక, ప్రాచీనాంగ్లం, పదస్వీకారం.

1. ఉపోద్ఘాతం

అర్థవంతమైన అతి చిన్న భాషాంశాన్ని పదాంశం అంటారు. పదాంశాలు ఏ క్రమంలో కలిసి పదమవుతాయి, కలిసినప్పుడు ఎలా మారతాయి అన్నది పదనిర్మాణ శాస్త్రం పరిశీలించే విషయం. ఈ శాస్త్రానికి ఐరోపాలో వాడే 'మార్ఫాలజీ' అనే పేరు మొదట జీవశాస్త్రానికి చెందినది. 1859లో జర్మన్ పండితుడు ఆగస్ట్ ష్లైకర్ దానిని భాషాధ్యయనంలోకి తీసుకువచ్చాడు. పదాన్ని ప్రకృతి, ప్రత్యయాలుగా విడదీసి చూసే పద్ధతిని ఐరోపా పండితులు నేర్చుకోవడంలో సంస్కృత వ్యాకరణ పరిచయం ప్రధానపాత్ర వహించింది. ఆంగ్ల సమాసాలను వర్గీకరించేటప్పుడు ఆధునిక భాషావేత్తలు నేటికీ 'ద్వంద్వ', 'బహువ్రీహి' అనే పేర్లనే వాడటం ఆ ఋణానికి నిదర్శనం.

ఆంగ్లం చదువుకునే విద్యార్థికి ఎదురయ్యే మొదటి చిక్కు రూపవైవిధ్యం. 'బుక్' బహువచనం 'బుక్స్' అయినప్పుడు 'ఫుట్' బహువచనం 'ఫుట్స్' ఎందుకు కాదు? 'వాక్' భూతకాలరూపం 'వాక్‌డ్' అయితే 'సింగ్' భూతకాలరూపం 'సాంగ్' ఎందుకయింది? ఈ ప్రశ్నలకు తరగతి గదుల్లో సాధారణంగా వినిపించే సమాధానం 'అది అపవాదం, కంఠస్థం చేయాలి' అనేదే. ఈ సమాధానం పరీక్షకు సరిపోవచ్చు గాని భాషాస్వభావాన్ని తెలుపదు. అపవాదాలకు కారణాన్ని వర్తమాన వ్యాకరణంలో కాక భాషాచరిత్రలో వెదకవలసి ఉంటుంది.

2. విభక్తుల లోపం – పదక్రమ ప్రాధాన్యం

క్రీ.శ. 5వ శతాబ్దంలో ఆంగిల్, శాక్సన్, జూట్ తెగలు బ్రిటన్‌కు వలస వచ్చాయి. వారి భాషల నుంచి ఏర్పడిన ప్రాచీనాంగ్లం విభక్తి ప్రత్యయాలు సమృద్ధిగా గల భాష. 'రాయి' అనే అర్థంగల 'స్తాన్' శబ్దాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఏకవచనంలో ప్రథమా ద్వితీయలకు 'స్తాన్', షష్ఠికి 'స్తానెస్', చతుర్థికి 'స్తానె' అనే రూపాలు ఉండేవి. బహువచనంలో ప్రథమా ద్వితీయలకు 'స్తానస్', షష్ఠికి 'స్తాన', చతుర్థికి 'స్తానుమ్' అనే రూపాలు ఉండేవి. నామాలకు మూడు లింగాలు, లింగాన్ని బట్టి భిన్నమైన రూపావళులు ఉండేవి. విశేషణాలూ నామాన్ని అనుసరించి మారేవి. సంస్కృత శబ్దమంజరి చదివినవారికి ఈ వ్యవస్థ అపరిచితంగా తోచదు.

ఈ వ్యవస్థ శిథిలం కావడానికి భాషలోపలి కారణం ఒకటి, బయటి కారణం ఒకటి కనిపిస్తాయి. జర్మానిక్ భాషల్లో ఊనిక సాధారణంగా పదాదిన ఉంటుంది. ఊనిక లేని పదాంతస్వరాలు క్రమంగా బలహీనపడి, 'అ', 'ఉ', 'ఒ' అనే భేదం పోయి, అన్నీ అస్పష్టమైన 'ఎ'కార సదృశ ధ్వనిగా మారాయి. ధ్వనిభేదం పోయాక ఆ ధ్వనిపై ఆధారపడిన విభక్తిభేదం కూడా నిలవలేదు. ఇది లోపలి కారణం. 9వ శతాబ్దం నుంచి ఉత్తర, తూర్పు ఇంగ్లండులో స్థిరపడిన స్కాండినేవియన్లతో ఏర్పడిన సాన్నిహిత్యం బయటి కారణం. ఇరువర్గాల భాషల్లో ధాతువులు చాలావరకు సమానాలు, పదాంత ప్రత్యయాలు మాత్రం భిన్నాలు. పరస్పర సంభాషణలో భిన్నమైన ప్రత్యయాలు జారిపోయి, సమానమైన ప్రకృతులు నిలిచాయని పలువురు చరిత్రకారులు భావిస్తారు. వారు, వారిని, వారి అనే అర్థంగల 'దే', 'దెమ్', 'దెయిర్' వంటి సర్వనామాలు సైతం స్కాండినేవియన్ల నుంచి ఆంగ్లానికి రావడం ఈ సాన్నిహిత్యం ఎంత గాఢమైనదో తెలుపుతుంది. సాధారణంగా ఒక భాష మరొక భాష నుంచి నామాలను తీసుకుంటుంది గాని సర్వనామాలను తీసుకోవడం అరుదు.

విభక్తులు లోపించాక కర్తృకర్మ సంబంధాన్ని పదక్రమమూ విభక్త్యర్థక అవ్యయాలూ తెలుపవలసి వచ్చింది. ఈ నష్టం నుంచే పదనిర్మాణానికి ఒక కొత్త మార్గం ఏర్పడింది. ప్రాచీనాంగ్లంలో 'ప్రేమ' అనే నామం 'లుఫు', 'ప్రేమించు' అనే క్రియ 'లుఫియన్'. చివరి ప్రత్యయాలు రాలిపోయాక రెండూ 'లవ్' అనే ఏకరూపానికి వచ్చాయి. 'జవాబు' అనే నామం, 'జవాబిచ్చు' అనే క్రియ 'ఆన్సర్' అనే ఒకే రూపంలో కలిశాయి. ఇటువంటి జంటలు పెరిగేకొద్దీ, ఏ నామాన్నైనా ప్రత్యయం లేకుండానే క్రియగా వాడవచ్చుననే భావన భాషకుల్లో స్థిరపడింది. షేక్‌స్పియర్ నాటకాల్లో నామాలు క్రియలుగా విరివిగా కనిపించడానికీ, నేడు 'గూగుల్' వంటి సంస్థానామం క్రియగా మారడానికీ మూలం ఈ ప్రత్యయలోపమే.

లోపించని విభక్తుల్లో షష్ఠి ఒకటి. 'స్తానెస్' అనే పూర్వరూపంలోని 'ఎస్' ప్రత్యయమే నేటి షష్ఠిలోని 'స్'. 16, 17 శతాబ్దాల్లో కొందరు రచయితలు ఈ చరిత్ర తెలియక, అది 'అతని' అనే అర్థంగల 'హిజ్' అనే సర్వనామానికి సంక్షిప్తరూపమని భావించి, 'రాజు అతని కిరీటం' అనే తీరులో రాశారు. ప్రత్యయ వ్యుత్పత్తి విషయంలో విద్యావంతులు సైతం పొరబడటానికి ఇది ఒక ఉదాహరణ.

3. బహువచనరూపాలు

ప్రాచీనాంగ్లంలో బహువచనానికి ఒకే ప్రత్యయం లేదు. 'స్తాన్' తరగతికి 'అస్', 'నేత్రం' అనే అర్థంగల 'ఏఅగె' వంటి తరగతికి 'అన్', 'శిశువు' అనే అర్థంగల 'చిల్ద్' వంటి కొద్ది శబ్దాలకు 'రు' ప్రత్యయాలుగా ఉండేవి. కొన్ని నపుంసక శబ్దాలకు ఏ ప్రత్యయమూ చేరేది కాదు. నేటి 'షీప్' శబ్దం ఏకబహువచనాల్లో సమానంగా ఉండటం ఆ చివరి తరగతి నియమమే.

'ఫుట్–ఫీట్', 'గూస్–గీస్', 'మౌస్–మైస్' జంటల్లో కనిపించే స్వరభేదానికి కారణం ఇంకా ప్రాచీనమైనది. లిఖిత ఆధారాలకు పూర్వదశలో 'పాదం' అనే అర్థంగల 'ఫోత్' శబ్దం బహువచనంలో ఇకారాంత ప్రత్యయాన్ని పొందేది. ఆ ఇకార ప్రభావంతో ముందరి ఓకారం తాలవ్యమై ఏకారంగా మారింది. తరువాత ఇకారం లోపించి 'ఫేత్' మిగిలింది. తెలుగులో 'కత్తి' శబ్దం బహువచనంలో 'కత్తులు' కావడంలోనూ పరస్వర ప్రభావమే పనిచేస్తుంది. అయితే తెలుగులో మార్పుకు కారణమైన 'లు' ప్రత్యయం నేటికీ నిలిచి ఉన్నందువల్ల నియమం భాషకుడికి తెలుస్తుంది. ఆంగ్లంలో కారణం లోపించి కార్యం మాత్రమే నిలిచినందువల్ల అది అపవాదంగా కనిపిస్తుంది.

మధ్యాంగ్ల కాలంలో 'స్', 'న్' అనే రెండు ప్రత్యయాల మధ్య పోటీ ఏర్పడింది. ఉత్తరాన 'స్' ముందుగా వ్యాపించింది. దక్షిణాన 'న్' చాలాకాలం బలంగా నిలిచింది. 'చిల్ద్రు' అనే బహువచనరూపంలోని 'రు' బహువచన ప్రత్యయమని దక్షిణాదివారికి తోచక, దానిపై మళ్లీ 'న్' చేర్చారు. అలా ఏర్పడిన ద్విగుణిత బహువచనమే నేటి 'చిల్డ్రన్'.

1476లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో ముద్రణాలయం స్థాపించిన విలియం కాక్స్‌టన్ 1490లో తన ఒక అనువాద గ్రంథానికి రాసిన పీఠికలో ఈ పోటీని గురించి ఒక సంఘటన చెప్పాడు. థేమ్స్ నదిలో ఓడపై ఉన్న వర్తకులు గాలి లేక ప్రయాణం ఆగి, తీరాన దిగి ఒక ఇంటికి వెళ్లారు. వారిలో ఒకడు 'ఎగ్స్' కావాలని అడిగాడు. ఆ ఇల్లాలు తనకు ఫ్రెంచి రాదని బదులిచ్చింది. తనకూ ఫ్రెంచి రానందున ఆ వర్తకుడు కోపించాడు. అప్పుడు మరొకడు 'ఐరెన్' కావాలని చెప్పగా ఆమెకు అర్థమైంది. రెండు పదాలకూ అర్థం గుడ్లే. 'ఎగ్' స్కాండినేవియన్ మూలం గల పదం, దాని బహువచనం 'స్'తో ఏర్పడింది. 'ఐరెన్' ప్రాచీనాంగ్ల పదం, 'చిల్డ్రన్' వలె 'రు', 'న్' రెండు ప్రత్యయాలు చేరిన రూపం. ఈ రెండింటిలో దేనిని రాయాలో తెలియడం లేదని కాక్స్‌టన్ వాపోయాడు. తరువాతి కాలంలో 'ఎగ్స్' నిలిచి 'ఐరెన్' అంతరించింది. అదే నిర్మాణం గల 'చిల్డ్రన్' మాత్రం నేటికీ నిలిచి ఉంది. నిత్యవ్యవహారంలోని పదాలు ప్రాచీనరూపాలను కాపాడుకుంటాయనే సాధారణ సూత్రం 'చిల్డ్రన్' విషయంలో వర్తించింది, 'ఐరెన్' విషయంలో వర్తించలేదు. పదాల మనుగడలో నియమంతోపాటు చారిత్రక పరిస్థితులకూ పాత్ర ఉందని దీనివల్ల తెలుస్తుంది.

4. క్రియారూపాలు

ప్రాచీనాంగ్ల క్రియలు ప్రధానంగా రెండు విధాలు. ధాతుస్వరాన్ని మార్చుకొని భూతకాలాన్ని తెలిపేవి బలక్రియలు, దంత్యప్రత్యయం చేర్చుకొనేవి దుర్బలక్రియలు. 'సింగ్–సాంగ్–సంగ్' వంటి రూపాలు మొదటి వర్గానికి చెందినవి. ఇవి యాదృచ్ఛికాలు కావు. ఆనాడు బలక్రియలు స్వరక్రమాన్ని బట్టి ఏడు తరగతులుగా ఉండేవి. 'సింగ్', 'డ్రింక్', 'స్విమ్' ఒకే విధంగా మారడానికి అవి మూడవ తరగతికి చెందినవి కావడమే కారణం.

కాలక్రమంలో అనేక బలక్రియలు దుర్బలక్రియలయ్యాయి. 'సహాయపడు' అనే అర్థంగల 'హెల్ప్' ఒకప్పుడు బలక్రియ. 1611 నాటి అధికారిక బైబిల్ అనువాదంలో 'హోల్పెన్' అనే పాతరూపం కనిపిస్తుంది. నేడు 'హెల్ప్‌డ్' ఒక్కటే ప్రమాణరూపం. ఈ మార్పు ఒకే దిశలో సాగలేదని గుర్తించాలి. 'ధరించు' అనే అర్థంగల 'వేర్' మొదట దుర్బలక్రియ. 'బేర్–బోర్' వంటి క్రియల సాదృశ్యంతో దానికి 'వోర్' అనే రూపం ఏర్పడింది. అదే 1611 అనువాదంలో 'డిగ్' క్రియకు 'డిగ్‌డ్' అనే రూపం ఉండగా, నేడు ప్రమాణరూపం 'డగ్'. సంఖ్యాబలం గల నియమం వైపే రూపాలు ఎల్లప్పుడూ ఆకర్షితం కావు. సమీప ధ్వనిసామ్యం గల చిన్న తరగతి కూడా కొత్త పదాలను చేర్చుకోగలదు.

'వెళ్లు' అనే అర్థంగల 'గో' క్రియకు భూతకాలం 'వెంట్' కావడం మరొక విధమైన మార్పు. 'వెంట్' నిజానికి 'వెండ్' అనే వేరొక క్రియకు భూతరూపం. 'గో' క్రియకు ప్రాచీన భూతరూపమైన 'ఏఒదె' వాడుక తప్పగా, ఆ స్థానాన్ని 'వెంట్' ఆక్రమించింది. వేర్వేరు ధాతువుల రూపాలు ఒకే క్రియాపదావళిలో చేరడమనే ఈ ప్రక్రియ పదాంశ చరిత్రలో అరుదైనదేమీ కాదు.

5. సమాసం, ప్రత్యయం, రూఢి

ప్రాచీనాంగ్ల కవిత్వం సమాసప్రియం. 'బేవుల్ఫ్' కావ్యంలో శరీరానికి 'అస్థిగృహం', సముద్రానికి 'తిమింగల మార్గం' అనే అర్థాలు గల సమాసాలు కనిపిస్తాయి. వాడుకభాషలోనూ సమాసాలు విరివిగా ఏర్పడ్డాయి. కొన్ని సమాసాలు కాలక్రమంలో అవయవార్థాన్ని కోల్పోయి ఏకపదాలుగా రూఢి పొందాయి. 'హ్లాఫ్' అంటే రొట్టె, 'వెఅర్ద్' అంటే రక్షకుడు. ఈ రెండింటి కలయికతో ఏర్పడిన 'హ్లాఫోర్ద్' శబ్దం కుదించుకుపోయి 'లార్డ్' అయింది. రొట్టెపిండి పిసికే స్త్రీ అనే అర్థంగల 'హ్లేఫ్‌దియె' శబ్దం 'లేడీ' అయింది. 'పగటి కన్ను' అనే అర్థంగల సమాసం 'డైసీ' పువ్వు పేరుగా, 'గాలి కన్ను' అనే అర్థంగల స్కాండినేవియన్ సమాసం కిటికీకి పేరైన 'విండో'గా నిలిచాయి. నేటి ఆంగ్లభాషకులకు ఈ పదాల్లో రెండు పదాంశాలు ఉన్నాయనే స్పృహ లేదు.

సమాసంలోని ఉత్తరపదం ప్రత్యయంగా మారడం మరొక దశ. 'స్థితి, హోదా' అనే అర్థంగల 'హాద్' స్వతంత్రపదం 'చైల్డ్‌హుడ్' వంటి పదాల్లో 'హుడ్' ప్రత్యయమైంది. 'తీర్పు, అధికారం' అనే అర్థంగల 'దోమ్' పదం 'కింగ్‌డమ్', 'ఫ్రీడమ్' పదాల్లో 'డమ్' ప్రత్యయమైంది. 'దేహం, ఆకారం' అనే అర్థంగల 'లీచ్' పదం క్రమంగా క్షీణించి, విశేషణాలను క్రియావిశేషణాలుగా మార్చే 'లీ' ప్రత్యయంగా స్థిరపడింది. ఒకప్పుడు దేహాన్ని తెలిపిన పదం నేడు కేవలం వ్యాకరణకార్యాన్ని నిర్వహిస్తున్నది.

అన్యభాషా సమాసం స్వీకృతమైనప్పుడు అవయవార్థం మొదటి నుంచే అగోచరం. తెలుగు 'పందికొక్కు' ఆంగ్లంలో 'బాండికూట్' కావడం ఇందుకు ఉదాహరణ. 1886లో వెలువడిన 'హాబ్సన్–జాబ్సన్' నిఘంటువు దీని తెలుగు మూలాన్ని నమోదు చేసింది. తెలుగువారికి 'పంది', 'కొక్కు' అనే రెండు పదాంశాలు స్పష్టంగా తెలిసే ఈ పదం ఆంగ్లంలో విభజనకు లొంగని ఒకే పదాంశం. అందువల్లనే పందితోగాని కొక్కుతోగాని సంబంధం లేని ఆస్ట్రేలియా జంతువులకు సైతం ఆ పేరు పెట్టడానికి అడ్డు లేకపోయింది.

6. ఫ్రెంచి, లాటిన్ ప్రత్యయాల ప్రవేశం

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక పాలన, న్యాయం, మతం, ఉన్నతవర్గ జీవనం తదితర రంగాల్లో ఫ్రెంచి పదాలు అధికంగా చేరాయి. పదనిర్మాణ దృష్టితో చూస్తే, ఈ పదాల సంఖ్య కన్నా వాటి వెంట వచ్చిన ప్రత్యయాలు ముఖ్యమైనవి. ప్రత్యయం ఒంటరిగా భాషలోకి రాదు. ఒకే ప్రత్యయం గల పదాలు అనేకం వచ్చినప్పుడు, భాషకులు వాటిని పోల్చుకొని ప్రత్యయాన్ని వేరుచేస్తారు. తరువాత దానిని దేశీయ ప్రకృతులకు చేరుస్తారు. 'ఏబుల్' ప్రత్యయం మొదట ఫ్రెంచి పదాల్లో భాగంగా వచ్చి, తరువాత 'తిను', 'చదువు' అనే అర్థంగల దేశీయధాతువులకు చేరి 'ఈటబుల్', 'రీడబుల్' వంటి పదాలను కల్పించింది. వ్యతిరేకదిశలో, ఫ్రెంచి నుంచి వచ్చిన 'బ్యూటీ' పదానికి దేశీయమైన 'ఫుల్' ప్రత్యయం చేరి 'బ్యూటిఫుల్' అయింది. తెలుగు వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే ఇవి మిశ్రరూపాలు.

దేశీయ, అన్యదేశ్య ప్రత్యయాల మధ్య ప్రవర్తనాభేదం నేటికీ నిలిచి ఉంది. 'ఆక్టివ్' పదానికి దేశీయమైన 'నెస్' చేరినప్పుడు ఊనిక మొదటి అక్షరంపైనే ఉంటుంది. లాటిన్ మూలం గల 'ఇటీ' చేరినప్పుడు ఊనిక రెండవ అక్షరానికి జరుగుతుంది. 'ఎలక్ట్రిక్' పదం చివరి కకారం 'ఎలక్ట్రిసిటీ'లో సకారం అవుతుంది. ప్రకృతిని మార్చే ప్రత్యయాలు, మార్చని ప్రత్యయాలు అనే నేటి విభజనకు వెనుక 11వ శతాబ్దం నాటి రాజకీయ పరిణామం ఉంది.

7. పండితులు – వాడుక

16వ శతాబ్దంలో లాటిన్ పదాల వెల్లువపై తీవ్రమైన వివాదం చెలరేగింది. పాండిత్య ప్రదర్శనకు వాడిన పదాలను విమర్శకులు 'సిరాబుడ్డి పదాలు' అని ఎద్దేవా చేశారు. 1553లో థామస్ విల్సన్ తన అలంకారశాస్త్ర గ్రంథంలో అటువంటి పదాలతో నిండిన ఒక లేఖను పరిహాసంగా చేర్చాడు. ఆ లేఖలోని 'ఇంజెంట్', 'అబ్‌టెస్టేట్' వంటి పదాలు నేడు వాడుకలో లేవు. అదే లేఖలో పరిహాసానికి గురైన 'సెలబ్రేట్', 'కెపాసిటీ', 'ఫర్టైల్' నేడు సాధారణ విద్యార్థికీ తెలిసిన పదాలు.

ప్రత్యామ్నాయంగా దేశీయ పదనిర్మాణాన్ని ప్రతిపాదించినవారూ ఉన్నారు. సర్ జాన్ చీక్ బైబిల్ అనువాదంలో శతసైనికాధిపతికి 'హండ్రెడర్', పునరుత్థానానికి 'గెయిన్‌రైజింగ్' అనే పదాలు కల్పించాడు. 1573లో రాల్ఫ్ లీవర్ తర్కశాస్త్రానికి 'విట్‌క్రాఫ్ట్', నిర్వచనానికి 'సేవాట్' అనే పేర్లు పెట్టాడు. 19వ శతాబ్దంలో విలియం బార్న్స్ వ్యాకరణాన్ని 'స్పీచ్‌క్రాఫ్ట్' అన్నాడు. ఈ పదాలన్నీ ఆంగ్ల పదనిర్మాణ నియమాలకు అనుగుణమైనవే, అవయవార్థం కూడా స్పష్టమైనదే. అయినా జనవ్యవహారంలో నిలవలేదు. నియమబద్ధత పదానికి పుట్టే అర్హతను ఇస్తుంది గాని మనుగడను ఇవ్వదని ఈ ప్రయత్నాల వైఫల్యం తెలుపుతుంది. పారిభాషిక పదకల్పనలో నిమగ్నమైన ఏ భాషాసమాజానికైనా ఇది ఆలోచించదగిన విషయం.

18వ శతాబ్దంలో జొనాథన్ స్విఫ్ట్ పదసంక్షేపాలను వ్యతిరేకించాడు. 1710లో 'టాట్లర్' పత్రికలో 'మాబ్', 'ఫిజ్', 'పాజ్' వంటి కుదింపులను ఖండించాడు. 1712లో భాషను సంస్కరించి స్థిరపరచాలని ఒక ప్రతిపాదన ప్రచురించాడు. 'చపలమైన జనం' అనే అర్థంగల లాటిన్ పదబంధం నుంచి కుదించిన 'మాబ్' నేడు నిఘంటువుల్లో ప్రామాణిక పదం. 'పాజ్' మాత్రం మరుగున పడింది. స్విఫ్ట్ తీర్పు ఒక పదం విషయంలో ఫలించినట్లు, మరొక పదం విషయంలో విఫలమైనట్లు కనిపిస్తుంది. నిజానికి ఆ రెండు ఫలితాలనూ నిర్ణయించింది వాడుకే. 1755 నాటి తన నిఘంటువు పీఠికలో శామ్యూల్ జాన్సన్, భాషను స్థిరపరచగలనని మొదట ఆశించి, అది నిఘంటుకర్త శక్తికి మించినదని తరువాత తెలుసుకున్నట్లు అంగీకరించాడు.

8. పొరపాటు నుంచి పదం

పద విభజనలో కలిగిన పొరపాట్లు ఆంగ్లంలో ఎన్నో కొత్త పదాలకు కారణమయ్యాయి. ఆంగ్లంలో 'ఒక' అనే అర్థంగల నిశ్చయరహిత ఉపపదానికి 'అ', 'అన్' అనే రెండు రూపాలు ఉన్నాయి. వంటపని వేళ ధరించే వస్త్రం మొదట 'నాప్రన్'. 'అ నాప్రన్' అనే ఉచ్చారణను 'అన్ ఆప్రన్'గా విడదీయడం వల్ల నేటి 'ఏప్రన్' ఏర్పడింది. పాముకు పేరైన 'ఆడర్' కూడా ఈ విధంగానే ఆది నకారాన్ని కోల్పోయింది. దీనికి విరుద్ధంగా, 'అదనపు పేరు' అనే అర్థంగల 'ఎక్‌నేమ్' ఉపపదంలోని నకారాన్ని చేర్చుకొని 'నిక్‌నేమ్' అయింది. సంస్కృత 'నారంగ' శబ్దం పారశీక, అరబ్బీ భాషల మీదుగా ఐరోపాకు చేరి 'ఆరెంజ్' కావడంలో కూడా ఆది నకారం లోపించింది. అయితే అది ఆంగ్లానికి రాకముందే జరిగిన మార్పు. తెలుగు 'నారింజ'లో ఆ నకారం నేటికీ భద్రంగా ఉంది.

లేని ప్రత్యయాన్ని ఉన్నట్లు భావించి తొలగించడం మరొక విధం. బఠానీకి ప్రాచీన ఏకవచనం 'పీజ్'. చివరి 'జ్' బహువచన ప్రత్యయమని భ్రమించి, దానిని తొలగించి 'పీ' అనే కొత్త ఏకవచనాన్ని కల్పించారు. సాధారణంగా క్రియ నుంచి కర్త్రర్థకనామం ఏర్పడుతుంది. 'బర్గ్లర్' అనే నామం నుంచి 'బర్గుల్' అనే క్రియ, 'టెలివిజన్' నుంచి 'టెలివైజ్' అనే క్రియ వెనుకకు ఏర్పడ్డాయి. ఆక్స్‌ఫర్డ్ నిఘంటు సంపాదకుడు జేమ్స్ మర్రే ఈ ప్రక్రియకు 'ప్రతిగమన నిర్మాణం' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు.

'హాంబర్గర్' పదం హాంబర్గ్ నగరనామానికి 'అర్' ప్రత్యయం చేరగా ఏర్పడింది. 'హామ్' అంటే పంది మాంసమనే భ్రమతో దానిని 'హామ్', 'బర్గర్'గా విడదీశారు. ఫలితంగా 'బర్గర్' స్వతంత్రపదమై 'చీజ్‌బర్గర్' వంటి సమాసాలకు ఆధారమైంది. ఇంతకన్నా ఆసక్తికరమైనది 'బస్' చరిత్ర. లాటిన్‌లో 'ఓమ్నిబుస్' అంటే 'అందరి కొరకు'. ఇది చతుర్థీ బహువచనరూపం. ఫ్రాన్సులో ప్రయాణికుల బండికి పేరైన ఈ పదం 1829లో లండన్ వీథుల్లోకి వచ్చింది. అనతికాలంలోనే 'బస్'గా కుదించుకుపోయింది. ప్రకృతి మొత్తం పోయి విభక్తి ప్రత్యయం ఒక్కటే పదంగా నిలవడం ఇందులోని విశేషం. ఆ ప్రత్యయం తెలుగులో అజంతమై 'బస్సు'గా, బహువచనంలో 'బస్సులు'గా తెలుగు నియమాలకు లోబడింది. లాటిన్ విభక్తిపై తెలుగు బహువచన ప్రత్యయం చేరిందన్న స్పృహ వాడేవారికి లేదు, ఉండవలసిన అవసరమూ లేదు.

9. భాషకుడి మనసులో నియమం

వాడుకే నిర్ణాయకమైతే నియమం అనేది నిజంగా ఉన్నదా అనే ప్రశ్న వస్తుంది. 1958లో జీన్ బెర్కో ప్రచురించిన పరిశోధన ఈ ప్రశ్నకు సమాధానం ఇచ్చింది. ఆమె చిన్నపిల్లలకు పక్షివంటి ఒక కల్పిత జీవి బొమ్మ చూపి, దానికి 'వగ్' అని పేరుపెట్టి, రెండు జీవులున్న బొమ్మ చూపి పేరు చెప్పమని అడిగింది. పిల్లల్లో అధికులు 'వగ్జ్' అన్నారు. ఆ పదాన్ని వారు అంతకుముందు విని ఉండే అవకాశం లేదు. కనుక వారు అనుకరించలేదు, నియమాన్ని అన్వయించారు. అయితే 'స్', 'చ్' వంటి ధ్వనులతో ముగిసే కల్పితపదాలకు అదనపు అచ్చుతో కూడిన ప్రత్యయం చేర్చడంలో అధికులు విఫలమయ్యారు. నియమం కూడా దశలవారీగా అలవడుతుందని దీనివల్ల తెలుస్తుంది. ఇదే పరిశోధనలో 'గ్లింగ్' అనే కల్పితక్రియకు భూతరూపం అడిగినప్పుడు, పెద్దల్లో పలువురు 'గ్లాంగ్', 'గ్లంగ్' అనే రూపాలను కూడా చెప్పారు. వెయ్యేళ్లనాటి బలక్రియల స్వరక్రమం ఆధునిక భాషకుడి మనసులో నేటికీ సజీవంగా ఉన్నదనడానికి ఇది సాక్ష్యం.

చిన్నపిల్ల 'ఫుట్స్' అన్నప్పుడు తరగతిలో అది తప్పుగా దిద్దబడుతుంది. ప్రమాణభాషాబోధనలో అలా దిద్దడం అవసరమే. ఆ పిల్ల నియమం తెలియక పొరబడలేదని, నియమాన్ని పూర్తిగా గ్రహించినందువల్లనే అలా అన్నదని అధ్యాపకులు గుర్తించడం కూడా అంతే అవసరం. 'హోల్పెన్' స్థానంలో మొదట 'హెల్ప్‌డ్' అన్నవారు చేసిన పని కూడా ఇదే.

10. ముగింపు

ఆంగ్ల పదనిర్మాణ చరిత్ర నుంచి కొన్ని నిర్ధారణలు చేయవచ్చు. మొదటిది, 'ఫీట్', 'సాంగ్', 'ఆక్సెన్' వంటి రూపాలు నియమరాహిత్యానికి కాక, వాడుక తప్పిన నియమాలకు నిదర్శనాలు. రెండవది, విభక్తుల లోపం భాషను బలహీనపరచలేదు. అది నామక్రియల పరస్పర పరివర్తనకు మార్గం తెరిచింది. మూడవది, 'ఏప్రన్', 'పీ', 'బర్గర్' వంటి పదాలు పొరపాట్ల నుంచి పుట్టినా, ఆ పొరపాట్లు భాషలోని నియమాలను అనుసరించే జరిగాయి. నాలుగవది, పండితులు పదాలను ప్రతిపాదించగలరు, నిఘంటుకర్తలు నమోదు చేయగలరు, పదం మనుగడను మాత్రం వాడుక నిర్ణయిస్తుంది.

ఈ నిర్ధారణలు ఆంగ్లబోధనకు నేరుగా ఉపకరిస్తాయి. అపవాదాల పట్టికను కంఠస్థం చేయించే అధ్యాపకులు, ఒక్కొక్క అపవాదం వెనుక ఉన్న పాతనియమాన్ని రెండు వాక్యాల్లో వివరించగలిగితే, విద్యార్థికి ఆ రూపాలు సులభంగా గుర్తుంటాయి. భాష మార్పును భ్రష్టతగా కాక క్రమంగా చూసే దృష్టి కూడా అలవడుతుంది. ఆ దృష్టి ఏర్పడిన విద్యార్థి ఆంగ్లాన్నే కాదు, తన మాతృభాషను కూడా కొత్తగా పరిశీలించగలుగుతాడు.